గుంటకు 125 రూపాయల రైతులు

సంగారెడ్డి జిల్లాలో పత్తి, కంది, చెరకు, ఆలుగడ్డ పండుతాయని వ్యవసాయ శాఖ లెక్కలు చెబుతాయి. బాగా గిట్టుబాటయ్యే పంట పేరు మాత్రం ఆ జాబితాలో కనిపించదు. అది ప్లాటు. దానికి తెగులు రాదు, వాన అక్కర్లేదు. ముంబై హైవే పక్కన నాలుగు కడీలు పాతితే చాలు, మొలుస్తుంది. ఇంత దిట్టమైన పంటకు కూడా తెలంగాణ ప్రభుత్వం ఏళ్ల తరబడి పెట్టుబడి సాయం అందించింది.

రైతుబంధు అనే ఆ సాయం 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైంది. మొదట సీజనుకు ఎకరాకు 4 వేలు, మరుసటి ఏడు నుంచి 5 వేలు. విత్తనానికీ ఎరువుకూ రైతు షావుకారు గుమ్మం ఎక్కకూడదన్నది ఆశయం. మంచి ఆశయమే, రెండెకరాల ఆసామికి ఆ డబ్బు అక్కరకొచ్చిన మాటా నిజమే. కానీ దున్నుతున్నావా అని అడిగినవాడు లేడు. ఎకరాలకు హద్దూ లేదు. పాసుపుస్తకం ఉంటే చాలు. రెండెకరాలకు ఏడాదికి 20 వేలు, వందెకరాలకు 10 లక్షలు. లేనివాడికి తక్కువ, ఉన్నవాడికి ఎక్కువ ఇచ్చే ఈ సంక్షేమం మీద 2023 వానాకాలం దాకా 11 విడతల్లో 72 వేల కోట్లకు పైగా ఖర్చయింది.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1972 నుంచి జొన్న, కంది వంగడాలతో కుస్తీ పడుతున్నారు. వారి ప్రహరీ అవతలి నేల ఏమీ పండకుండానే లాభమివ్వడం నేర్చుకుంది.

అసలు సరదా గుంటల్లో ఉంది. సదాశివపేట, జహీరాబాద్ వైపు ఫామ్ ప్లాట్ల కరపత్రాల్లో శ్రీగంధం మొక్కలు, క్లబ్ హౌస్, వాటి పక్కనే ‘రైతుబంధు, రైతుబీమా వర్తిస్తాయి’ అన్న హామీ. గచ్చిబౌలిలో కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడు ఐదు గుంటలు కొంటే రైతయిపోయాడు. గుంటకు 125 చొప్పున సీజనుకు 625 రూపాయలు, దాంతోపాటు 5 లక్షల జీవిత బీమా. ఆ 625తో ఆయన ఏ యూరియా కొన్నాడో ఎవరూ అడగలేదు. బహుశా పిజ్జా మీద చల్లే చీజు కొని ఉంటాడు.

ఈ ఘనత మనకొక్కరికే దక్కింది కాదు. అమెరికాలో 1999 నుంచి 2005 దాకా 110 కోట్ల డాలర్ల సేద్య సాయం చనిపోయినవారి పేర్ల మీద వెళ్లిందని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2007లో బయటపెట్టింది. వాళ్లు పోయిన రైతుకు ఇచ్చారు. మనం బతికున్న రైతును వదిలేశాం.

ఆ బతికున్నవాడు కౌలుదారు. తెలంగాణలో సాగు చేసేవారిలో దాదాపు 36 శాతం కౌలుదారులేనని రైతు స్వరాజ్య వేదిక 2022 అధ్యయనంలో తేలింది. పత్తి చేను అతనిది, అప్పు అతనిది, గులాబీ పురుగూ అతనిదే. రైతుబంధు మాత్రం హైదరాబాద్‌లో ఉండే పట్టాదారుది. భూమి ఇచ్చినందుకు కౌలు, ఇచ్చి ఊరుకున్నందుకు సర్కారు కానుక. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని 2011లో ఉమ్మడి రాష్ట్రంలోనే చట్టం చేశారు. ఆ చట్టం ఇంకా బతికే ఉందట, మంచం మీద.

2023 డిసెంబర్‌లో కొత్త ప్రభుత్వం వచ్చింది, రైతుబంధు పేరు రైతుభరోసా అయింది. 2025 జనవరి 16 నుంచి 20 దాకా సర్వే చేసి గుట్టలు, రోడ్లు, వెంచర్లు, ఫ్యాక్టరీ స్థలాలను ఏరేశారు. మెచ్చుకోవలసిందే, ఆరేళ్ల తరువాతైనా గుట్ట మీద నాగలి నడవదని తెలిసింది. ఎకరాకు ఏడాదికి 15 వేలన్న ఎన్నికల హామీ జనవరి 26 నాటికి 12 వేలైంది. అదే హామీలో ఉన్న కౌలుదారు మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

2023 డిసెంబర్ 28 నుంచి పది రోజులు ఊరూరా తీసుకున్న ప్రజాపాలన దరఖాస్తులోని రైతుభరోసా భాగంలో ‘రైతు’, ‘కౌలు రైతు’ అని రెండు గడులుండేవి. కౌలుదారులు రెండో గడిలో టిక్కు పెట్టారు. ఆ భాగంలోనే ఇంకో ప్రశ్న అచ్చయి ఉంది: పట్టాదారు పాసుపుస్తకం నంబరు ఎంత?