అందరికీ వచ్చిందే

మా పదకొండేళ్ల అబ్బాయిని వేసవిలో జూడోలో చేర్పించాం. మూడు నెలలయ్యాక ఒక సాయంత్రం మావారు ఆఫీసు నుంచి నేరుగా క్లాసుకు వెళ్లారు. నేనూ అక్కడే ఉన్నాను. పిల్లలంతా వరసగా నిలబడి వెనక్కి పడుతున్నారు. లేస్తున్నారు. మళ్లీ పడుతున్నారు. గంటసేపూ అదే.

"మూడు నెలల ఫీజు కట్టాను. వీడికి ఇంతవరకూ ఏం నేర్పారండీ?"

"పడటం" అన్నారు మాస్టారు. "దీన్ని ఉకేమీ అంటారు. గడ్డం ఛాతీకి ఆనించి బెల్టు వైపు చూడాలి; అప్పుడు తల నేలకు తగలదు. వీపు ఆనే క్షణంలోనే రెండు చేతులతో మ్యాట్‌ను చరచాలి. దెబ్బ ఒక్కచోట పడకుండా చేతుల నిండా పరుచుకుంటుంది. 1882లో జిగోరో కానో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో, 12 చాపల జాగాలో జూడో మొదలుపెట్టారు. ఈనాటికీ మాకు తొలిపాఠం ఉకేమీయే. పడేటప్పుడు ఆలోచించే తీరిక ఉండదు కదండీ! ఒళ్లే నేర్చుకోవాలి. అది పట్టుబడేదాకా ఎదుటివాణ్ణి విసరడం నేర్పను."

"పడటానికి కూడా ఓ మాస్టారా? అది అందరికీ వచ్చిందే!"

మర్నాటి నుంచి వాణ్ణి మాన్పించేశారు.

వాడు ఏడవలేదు. రోజూ రాత్రి నిద్రకు ముందు బొంత పరుచుకుని యాభైసార్లు పడి లేచేవాడు. ధబ్, ధబ్ మని చప్పుడు.

"మానేశావుగా, ఇంకెందుకురా?" అన్నాను.

"మాస్టారు ఇంకా చాలనలేదుగా అమ్మా!"

శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టింది. తూము పూడి డాబా మీద నీళ్లు నిలిచాయని తండ్రీకొడుకులు పైకెక్కారు. నేల నిండా పాచి. ఇద్దరూ ఒక్కసారే వెనక్కి జారారు.

కింద వంటింట్లో ఉన్న నాకు రెండు చప్పుళ్లు వినిపించాయి. ఒకటి రోజూ వినేదే. రెండోది కొత్తది.

పరుగున వెళ్లేసరికి వాడు లేచి నిలబడి ఉన్నాడు. అరచేతులు కాస్త కందాయి, అంతే. మావారు పడుతూ పడుతూ కుడిచేయి వెనక్కి ఊతం పెట్టారట. ఒంటి బరువంతా మణికట్టు మీద పడింది.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఎక్స్‌రే చూస్తూ అడిగారు. "ఇద్దరూ ఒకేచోట జారారంటున్నారు. బాబుకు గీత కూడా పడలేదు. మీకిలా ఎలా విరిగిందండీ?"

మావారు తల దించుకున్నారు. వాడే తండ్రి భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా చెప్పాడు.

"మా నాన్నకు పడటం రాదండీ."