కోడికి కొండగుర్తు

మీ ఇంట్లోనూ ఇదే బాగోతం కాబట్టి మీకు చెప్పుకోవచ్చు. మగవాడు పెన్షన్ పుచ్చుకుని ఇంట్లో కూర్చున్నాక వాడికంటూ ఒక శాఖ కావాలి. వంటింటి శాఖ మా ఆవిడ వదలదు. అందుకని పెరట్లో కోళ్ల శాఖ నేను తీసుకున్నాను. తీసుకున్నానంటే, గింజలు వేసేదీ, సాయంత్రం గూడు మూసేదీ ఆవిడే. నాది పర్యవేక్షణ.

ఆరు పెట్టలు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు పెరటి పెంపకం కోసమని తయారుచేసిన గ్రామప్రియ రకం. గుడ్ల విషయంలో వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా మావన్నీ ఒకే గోధుమ రంగు. మా గోదావరి జిల్లాల్లో అక్షరాలు రాని కుర్రాడు కూడా ఈకలు చూసి ఇది కాకి, ఇది డేగ, అది సేతువ అని గడగడా చెప్పేస్తాడు. ఆ కుక్కుటశాస్త్రం పందెంపుంజులకే గానీ నా పెట్టల దగ్గర చెల్లలేదు.

ఏది ఏదైతేనేం అని ఊరుకుందును. కానీ ఒకటి గుడ్డు పెట్టడం మానేసింది. ఏదై ఉంటుందీ అన్నాను పైకే. "ఆ మూలనున్నది" అంది మా ఆవిడ, కూర తరుగుతూ, తలెత్తకుండా. ఆధారం లేని ఆరోపణ నేను ఒప్పుకోను. ఉద్యోగమంతా లెడ్జర్లు రాసినవాణ్ణి. రిజిస్టరు తెరిచాను. రిజిస్టరు తెరిచాక కోళ్లకి గుర్తులు పెట్టాలిగా మరి!

ముందు మా అమ్మాయి గోళ్లరంగు తీసి ఒకదాని కాలివేళ్లకి పూశాను. ఎర్రది. కోడి కంటికి రంగులు మనకంటే బాగా కనిపిస్తాయి, మనకి అందని అతినీలలోహిత కాంతి కూడా దానికి అందుతుంది. ఎర్రటిది దేన్ని చూసినా పొడిచి చూడాలనిపిస్తుంది. మిగతా ఐదూ చుట్టూ మూగి దాని వేళ్లమీద పడ్డాయి. "అమ్మా, నాన్న మళ్లీ ఏదో చేశాడే!" అని లోపల్నించి కేక. మళ్లీనట!

తర్వాత మిఠాయిల్లో వేసే ఆకుపచ్చ రంగు నీళ్లలో కలిపి ఒకదాని వీపుమీద రాశాను. ముక్కుతో పొడిచినా ప్రమాదం లేనిది. కానీ కోడి ఒళ్లు రుద్దుకునేది మట్టితో కదండీ. గోతిలో పడి పొర్లి, రెక్కలు దులిపి లేచింది. దాని వీపుమీద రంగు సాయంత్రానికి మాయం. నా తెల్లలుంగీ మీదది మాత్రం ఇప్పటికీ ఉంది.

ఇక రబ్బరుబ్యాండ్లు పట్టుకుని పెరట్లోకి వెళ్తుంటే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. "అది మీ వేలికి చుట్టుకుని పడుకోండి. పొద్దున్న మాట్లాడుకుందాం" అంది. రబ్బరైనా, దారమైనా బిగుసుకుందంటే కాలికి రక్తం ఆడదు. పొద్దున్నదాకా ఆగకుండానే నాకు అర్థమైంది.

చివరికి దాణా కొట్లో చుట్టు తిరిగిన ప్లాస్టిక్ రింగులు దొరికాయి, రంగురంగులవి. ఇది సరైన పద్ధతి, నన్ను చూసి కాదు, కోళ్లని చూసి నమ్మండి. వేశాక రింగు కాలిమీద సులువుగా తిరగాలి, పైకీ కిందికీ కదలాలి, పాదం మీంచి మాత్రం జారిపోకూడదు. ఎదిగే పిల్లలకైతే కాలు లావెక్కుతుంటుంది, తరచూ చూసి పెద్ద సైజు మార్చకపోతే చర్మంలోకి దిగిపోతుంది. చీకటి పడి గూట్లో చేరాక వేస్తే పెనుగులాడవు.

ఇక నా వైభవం చూడాలి. కుర్చీ వేసుకుని గుడ్ల బుట్టకెదురుగా కూర్చోవడం, పసుపు వచ్చింది, నీలం వెళ్లింది అని రాసుకోవడం. అంతా తేల్చి, భోజనాల దగ్గర తీర్పు చెప్పాను: "దోషి పసుపు రింగు."

అమ్మాయి కంచంలోకి వంగి నవ్వుతోంది. పసుపుదీ నీలందీ మధ్యలో ఎప్పుడో తనే మార్చేసిందట. ఎప్పుడన్నది చెప్పదు! మా ఆవిడకి ఆ మార్పు తెలియనే తెలియదు. తెలియడానికి ఆవిడ రింగులు చూస్తేగా.

"మరి నువ్వెలా పోలుస్తావే?" అన్నాను.

"తురాయి చూడండి. ఒకదానికి వెనక పన్ను వంకర, ఒకదానికి పక్కకి వాలిపోయింది. గుడ్లు పెడుతున్నదానికి ఎర్రగా నిగనిగలాడుతుంది, మానేసినదానికి పాలిపోతుంది."

కోళ్లు కూడా ఒకదాన్నొకటి తల, తురాయి చూసే ఆనవాలు పడతాయి. కోళ్లలో ఏది దేన్ని పొడవాలో ఒక వరస ఉంటుందని 1922లో లోకానికి చెప్పిన నార్వే ఆయన షెల్డెరప్ ఎబ్బె కూడా ముందు ఏ కోడికాకోడిని పోల్చుకున్నవాడే. ఆయనా, మా ఆవిడా, ఆరు కోళ్లూ మొహాలు చూస్తుంటే నేనొక్కణ్ణే కాళ్లు చూస్తూ కూర్చున్నాను.

గుడ్డు పెట్టనిది ఆ మూలదే. "ఈకలు రాలుస్తోంది. కొత్తవి వచ్చేదాకా పెట్టదు" అంది మా ఆవిడ. "పెరడంతా ఈకలే. ఊడ్చేది నేను కాబట్టి మీకు కనబడలేదు."

రింగులు బోలెడు మిగిలాయి. కోళ్లున్నవాళ్లు ఎవరైనా వచ్చి పట్టుకెళ్లండి. రిజిస్టరు మాత్రం అడక్కండి, అందులో మా ఆవిడ గుడ్లు అమ్మిన డబ్బుల లెక్క రాసుకుంటోంది.