కృష్ణకమల కుండీసూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: కృష్ణకమలం, రాఖీ పువ్వు, కౌరవపాండవ పువ్వు అని తెలుగునాట పలు పేర్లతో పిలిచే తీగను కుండీలో పెంచే శాస్త్రమంతా ఒకే వాక్యంలో ఇమిడి ఉన్నది. కడియపులంక నర్సరీ మొదలు వీధుల్లో తిరిగే మొక్కల బండి వరకు అమ్మేవారందరూ, డబ్బులు లెక్కపెట్టుకుంటూ, కొన్నవారి ముఖంకేసి చూడకుండా ఉపదేశించే ఆ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయమనడానికి అడ్డేమీ కనబడదు. సూత్రం పొట్టిది కావడంచేత విన్నవారు తోచిన అర్థం చెప్పుకొని తీగను పోగొట్టుకుంటున్నందున వ్యాఖ్య అవసరమైంది. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాస కావ్యాలను వ్యాఖ్యానించిన కోలాచలం మల్లినాథసూరి మార్గమే ఇక్కడ ఆదర్శం. ఆయన పూలకుండీల జోలికి పోలేదు కనుక ఆ రెండో నియమాన్ని కాస్త సడలించక తప్పలేదు.

మూలం: "పెద్ద కుండీలో పెట్టండి, ఎండ తగలాలి, నీళ్లు చూసి పోయండి, పందిరి కట్టండి, పూస్తుంది."

టీక: 'పెద్ద' అనేది సాపేక్ష విశేషణం, అనగా దేనితోనైనా పోల్చితే తప్ప అర్థం తేలనిది. ఇక్కడ మొక్క వేళ్లతో పోల్చి పెద్దదని గ్రహించాలి తప్ప, కొన్నవారి ఉత్సాహంతో పోల్చి కాదు. జానెడు కొమ్మను నేరుగా డ్రమ్ములో నాటితే, ఆ వేళ్లు పీల్చుకోలేనంత తేమ మట్టిలో నిలిచి అవి కుళ్లిపోతాయి. కనుక మొదట 6 అంగుళాల కుండీ, వేళ్లు అడుగు చిల్లులోంచి బయటికి కనబడినప్పుడు 12 నుంచి 14 అంగుళాల కుండీ అని క్రమం చెప్పుకోవాలి. 'అడుగున చిల్లు గల' అనే మాటను అధ్యాహారం చేసుకోవాలి, అనగా వాక్యంలో లేకున్నా అర్థం నిండడానికి తెచ్చి చేర్చుకోవాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపిన తేలికపాటి మట్టి అన్నదీ అక్కడే అధ్యాహారం.

నేల ఉండగా కుండీ ఎందుకని శంక. ఈ జాతి తీగల్లో పలు రకాలు నేలలో నాటితే వేళ్ల నుంచి పిలకలు లేపి, నాటినచోట ఒకటి, మొలిచినచోట పది అన్నట్లు విస్తరిస్తాయి. దక్షిణ అమెరికా కొండల నుంచి హవాయి దీవులకు చేరిన వీటి దాయాది తీగ ఒకటి అక్కడి అడవిచెట్ల మీద దుప్పటిలా పరుచుకొని వాటికే ఎసరు తెచ్చింది. కుండీ ఆ విస్తరణను ఆపుతుంది, కాని అది నివారణ మాత్రమే. ప్రధాన సమాధానం వేరు. వేళ్లు కాస్త ఇరుకున పడినప్పుడు ఈ తీగ పూత వైపు ఎక్కువగా మొగ్గుతుంది. కాలు చాపుకొనేందుకు చోటు దొరికి, పైనుంచి యూరియా కూడా అందితే, అందులోని నత్రజని పుణ్యమా అని చూసేవారి కళ్లు చల్లబడేలా ఆకులు వేస్తుంది. మొగ్గ మాట ఎత్తదు. మార్కెట్లో దొరికిన ఎరువులన్నీ వరసగా తెచ్చి పోసి, ఇంకా పూయలేదేమని నర్సరీవాడిని నిందించే యజమాని ఈ భాగాన్ని రెండుసార్లు చదవడం మంచిది. పూత కాలంలో నత్రజని తగ్గించి పొటాష్ వంతు పెంచాలని పెంపకందార్ల సంప్రదాయం.

'ఎండ తగలాలి' అన్నచోట రోజుకు 5, 6 గంటల ఎండ అని వివరణ. ఏప్రిల్, మే నెలల్లో పడమటి గోడ పక్కన కాగే మేడ మీది ఎండ సూత్రకారుడి ఉద్దేశం కాదు. అది తగలడం కాదు, దగ్ధం చేయడం. ఆ రోజుల్లో పచ్చని షేడ్‌నెట్ నీడ, కుండీ కింద రెండు ఇటుకల ఎత్తు అవసరం.

'నీళ్లు చూసి పోయండి': సూత్రానికి ప్రాణం 'చూసి' అనే పదమే. 'రోజూ పోయండి' అని పాఠాంతరం ఉన్నది కాని అది ప్రక్షిప్తమని, అనగా తర్వాత ఎవరో చొప్పించినదని తోస్తున్నది. 'చూసి' అనేది క్త్వార్థకం, అనగా ముందు జరిగిన పనిని తెలిపే అసమాపక క్రియ. రెండు పనులకూ కర్త ఒక్కడే కావాలన్నది క్త్వార్థక నియమం గనుక, ఎవరు చూశారో వారే పోయాలి. ఉదయం తాతగారు ఒక చెంబు, మధ్యాహ్నం కోడలు ఒక చెంబు, సాయంత్రం పనిమనిషి ఒక బకెట్టు, ఎవరూ చూడకుండా పోసే ఇళ్లలో జరిగేది వ్యాకరణ దోషం. దాని ఫలితం వేరుకుళ్లు. చూడవలసింది ఆకును కాదు, మట్టిని: వేలు రెండు కణుపుల లోతు దించి, పొడిగా తగిలితే అడుగు చిల్లులోంచి కారేదాకా పోయాలి, తడిగా తగిలితే చేయి కడుక్కొని వెళ్లాలి. మండు వేసవిలో ఈ పరీక్ష పూటపూటా చేయవలసి రావచ్చు. ముసురు పట్టినప్పుడు వారం దాకా నీళ్ల అవసరమే రాకపోవచ్చు.

'పందిరి' అనగా ఇక్కడ నాలుగు గుంజల పెళ్లిపందిరి కాదు. ఈ తీగ ఆకు పంగలో పుట్టే నులితీగ సన్నని ఆధారాన్ని మాత్రమే చుట్టుకోగలదు. లావుపాటి వెదురు, నున్నని గోడ దానికి పనికిరావు. చార్లెస్ డార్విన్ 1865లో ఎగబాకే మొక్కల కదలికలపై ప్రచురించిన పరిశోధనలో ఈ జాతికే చెందిన ఒక సన్నని తీగను పరీక్షించి, పుల్లతో తాకిన దాదాపు అర నిమిషంలోనే నులితీగ వంగడం మొదలుపెట్టిందని నమోదు చేశాడు. కనుక జనపనార పురికొసో ప్లాస్టిక్ పూత వేసిన తీగెల వలో అందేలా కడితే చాలు, మిగతా పని అది చూసుకుంటుంది. చేత్తో బలవంతాన మెలితిప్పేవారు డార్విన్ కన్నా తొందరపాటు గలవారు.

'పూస్తుంది' అనేది తద్ధర్మార్థక క్రియ, అనగా సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు అన్నట్లు కాలంతో నిమిత్తం లేకుండా స్వభావాన్ని చెప్పేది. అమ్మినవాడు తేదీ చెప్పాడని వాదించేందుకు అందువల్ల వీలులేదు. వ్యవహారంలో మాత్రం, గింజ నుంచి పెంచిన దానికన్నా కొమ్మ నాటి పెంచినది ముందు పూస్తుంది. మొగ్గలు కొత్త చిగుళ్ల మీదే వస్తాయి కనుక చలి వెళ్లే వేళ పాత తీగను కత్తిరించినవారికి పూలు ఎక్కువ.

తాత్పర్యం: వేళ్లకు ఇరుకు, ఆకులకు ఎండ, మట్టికి వేలిపరీక్ష, నులితీగకు పురికొస, యజమానికి ఓపిక.

విశేషం: పువ్వు విషయంలో ఇద్దరు వ్యాఖ్యాతలకు పడదు. మధ్యన వలయంగా నిలిచిన నీలి ఊదా పోగులు నూరుగురు కౌరవులు, వాటి మీద అయిదు పుప్పొడి తిత్తులు పాండవులు, పైన మూడు కీలాగ్రాలు త్రిమూర్తులు అని మన పక్షం. దక్షిణ అమెరికాలో ఈ పువ్వును చూసిన స్పెయిన్ మతప్రచారకులకు ఆ పోగులు క్రీస్తు ముళ్లకిరీటంగా, అయిదు తిత్తులు గాయాలుగా, మూడు కీలాగ్రాలు మేకులుగా తోచాయి; 1610లో రోమ్‌లో జాకోమో బోసియో శిలువపై రాసిన గ్రంథంలో దీనికి చోటిచ్చాడు, 1753లో లిన్నేయస్ ఆ బాధల స్మృతినే శాస్త్రీయ నామంలో స్థిరపరిచాడు. లెక్కపెట్టి చూసినవారికి కౌరవులు సరిగ్గా నూరుగురే తేలుతారన్న భరోసా లేదు. మూడో పక్షం తుమ్మెదది: ఆ పోగుల అడుగున తేనె ఉన్నది, దాని కోసం చుట్టూ తిరిగే తుమ్మెద వీపుకు పైనున్న పాండవుల పుప్పొడి అంటుకుంటుంది. ఈ అర్థమే పువ్వుకు ఉపయోగపడేది. ఇంత కథ నడిపే పువ్వు విప్పారి ఉండేది ఒక్క రోజే.

ఆకులను తినేవారి ప్రస్తావన సూత్రంలో లేదు. నారింజ రంగు రెక్కల మీద నల్లచుక్కలు గల ఒక చిన్న సీతాకోకచిలుక ఈ తీగ మీద గుడ్లు పెడుతుంది, దాని ముళ్ల గొంగళిపురుగులు కుండీ తీగను నాలుగు రోజుల్లో ఈనెలుగా మారుస్తాయి. పూలు కావలసినవారు ఏరివేయాలి, సీతాకోకచిలుకలు కావలసినవారు ఊరుకోవాలి. రెండూ కావాలనేవారు రెండో కుండీ కొనాలి.

ఫలశ్రుతి: ఇది అర్థవాదం, అనగా పొగడ్త కోసం చెప్పే మాట కాదు, నిజంగా పండును గురించే. పండు కావలసినవారు అలంకారపు రకాన్ని విడిచి పసుపు పాషన్ ఫ్రూట్ తీగ పెట్టాలి. దాని పువ్వు తన పుప్పొడితో తాను కాయ కట్టదు కనుక, ఒకే తీగ కొమ్మలు కాని రెండు వేరువేరు మొక్కలు ఉండాలి. అది విప్పారేది మధ్యాహ్నం. మేడ మీద తుమ్మెదలు కరువైతే, నిటారుగా ఉన్న కీలాగ్రాలు కిందికి వంగిన వేళ చూసి, ఒక మొక్క పుప్పొడిని చిత్రకారుల కుంచెతో రెండో మొక్క కీలాగ్రాలకు అద్దాలి. కాయ మాగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మాగిన పండు తనంతట తానే రాలుతుంది కనుక, తీగ పిట్టగోడ దాటి పాకినచోట ఈ ఫలశ్రుతి పొరుగింటివారికి వర్తిస్తుంది.