ట్రాక్టర్ డబ్బా: వినకూడని సలహాలు

వరికోతలు దగ్గరపడితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వెల్డింగ్ షాపుల్లో పని ఊపందుకుంటుంది. కొత్త డబ్బా చేయించేవాళ్లు కొందరు, పాతదానికి పలకలు పెంచుకునేవాళ్లు ఇంకొందరు. అక్కడ చాయ్ తాగుతూ కూర్చున్న ప్రతివాళ్ల దగ్గరా ఒక సలహా ఉంటుంది. వాటిలో కొన్ని మనుషుల్ని చంపేవి. అవేమిటో, ఎందుకు వినకూడదో చెప్తాను.

అన్నిటికీ మూలం ఒకటే: “డబ్బాదేముంది, రెండు ఛానళ్లు, ఒక ఇరుసు, నాలుగు రేకులు. ఇంజనుండేది ట్రాక్టరుకే కదా.” 1988 మోటారు వాహనాల చట్టం ట్రైలరును కూడా వాహనంగానే లెక్కకట్టింది. దానికీ సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి. చట్టం వేసిన ఆ లెక్క సరైనదే, ఎందుకో చూడండి. కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా 40 కిలోలు. 150 బస్తాలెత్తితే 6 టన్నులు. లాగే ట్రాక్టరు తూకం చూస్తే సుమారు 2 టన్నులు. రోడ్డు చదునుగా ఉన్నంతసేపు ట్రాక్టరు డబ్బాను లాగుతుంది. దిగుడు రాగానే డబ్బా ట్రాక్టరును తోస్తుంది. వెనక కట్టినదాని బలం ఎంతో తెలియకుండా డబ్బా చేయించకూడదు, కట్టకూడదు.

“ఇరుసు నట్టనడుమ పెట్టు, బరువు సమానంగా పడుతది.” రెండు చక్రాల డబ్బాకు ఇది చాలా చెడ్డ సలహా. ఇరుసు నడిమికి కొంచెం వెనకగా ఉండాలి. మొత్తం బరువులో కనీసం పదోవంతు హుక్కు మీద పడాలి. ఇరుసు నడుమ ఉంటే, వడ్లు కాస్త వెనక్కి జరిగినా డబ్బా ముక్కు పైకి లేస్తుంది. ట్రాక్టరు వెనక చక్రాల మీది బరువును కూడా అది ఎత్తేస్తుంది. ట్రాక్టరుకు పట్టు ఉండేది ఆ చక్రాలతోనే, బ్రేకు పడేదీ వాటికే. యూరప్‌లో, అమెరికాలో గ్లైడర్లనే ఇంజన్ లేని విమానాలు నడిపేవాళ్లు రెక్కలు విప్పి, పొడవాటి ట్రైలర్లలో పెట్టి, కార్లకు కట్టుకుని పోతుంటారు. ఆ ట్రైలర్లను సొంతంగా చేసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు మొదట చూసుకునేది ముక్కు బరువే. అది చాలకపోతే వేగం పెరిగేకొద్దీ ట్రైలరు తోక ఊగడం మొదలై చివరికి కారునే తిప్పేస్తుంది. రెండు మూడు క్వింటాళ్ల గ్లైడరుకే అంత జాగ్రత్త ఉంటే, టన్నుల్లో వడ్లు మోసేవాళ్లకు ఎంత ఉండాలి?

“హుక్కు పైన పెట్టిస్తే గట్టెక్కేటప్పుడు బాగా గుంజుతది” అంటారు. వద్దు. లాగే చోటు ట్రాక్టరు వెనక ఇరుసుకన్నా కిందే ఉండాలి. పైన కట్టి లాగితే ముందు చక్రాలు లేచి, ట్రాక్టరు డ్రైవరు మీదికే వెనక్కి తిరగబడుతుంది.

పిన్ను పోయిందని స్లాబు సలాక ముక్క దూర్చేవాళ్లున్నారు. సలాక ఆ రంధ్రానికి సరిపోదు. కదిలి కదిలి అరుగుతుంది, ఒక కుదుపుకు తెగుతుంది. సరైన పిన్ను, అది పైకి లేవకుండా కింద లాకు, రెండూ తెగినా డబ్బా విడిపోకుండా ఒక గొలుసు ఉండాలి. పాత లారీ కమాను పట్టీని డ్రాబారుకు బలమని వెల్డింగ్ కొట్టించకండి. ఆ ఉక్కు వెల్డింగ్ వేడికి పెళుసుబారి అతుకు పక్కనే విరుగుతుంది.

ఇక పలకలు. కోత మిషను పోసిన పచ్చి వడ్లను అట్లాగే మిర్యాలగూడ మిల్లులకు తోలే రోజుల్లో “ఇంకో అడుగు పెంచు, ఒక ట్రిప్పు తగ్గుతది” అనే మాట ఎక్కువ. పచ్చి వడ్లలో నీళ్ల బరువు కూడా ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ బరువు పైకి పోతుంది. సాగర్ ఎడమ కాలువ కట్ట మీద ఒక పక్క చక్రం గుంతలో దిగితే ఆ అడుగే డబ్బాను కాలువలోకి ఒరగేస్తుంది.

“దిగుడులో న్యూట్రల్ చెయ్యి, డీజిలు మిగులుతది.” కాలువ వంతెన దిగేటప్పుడు డ్రైవరుకున్న పెద్ద బ్రేకు గేరే. ఎక్కకముందే చిన్న గేరులో పడాలి, అదే గేరులో దిగాలి. మన డబ్బాల్లో చాలావాటికి సొంత బ్రేకే ఉండదు కాబట్టి ఇది తప్పనిసరి. ఇంకో మాట: ట్రాక్టరుకు కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి బ్రేకు పెడల్ ఉంటుంది. పొలంలో మలుపుకు విడివిడిగా తొక్కుతాం. రోడ్డెక్కేముందు రెంటినీ కలిపి లాకు వేయాలి. మరిచిపోయి ఒక్కదాన్నే తొక్కితే ట్రాక్టరు ఆ పక్కకు గిర్రున తిరుగుతుంది, వెనక డబ్బా దాన్ని అడ్డంగా తోసేస్తుంది. దయచేసి కొత్త డ్రైవర్లకు ముందు ఇది నేర్పండి.

“రాత్రిపూట ముందు లైటు చాలు.” హైదరాబాద్–విజయవాడ హైవే మీద లారీ వచ్చేది వెనక నుంచి. దానికి కనపడేది డబ్బా వెనక పలక ఒక్కటే. రెండు ఎర్ర లైట్లు, రెండు మూలలా రేడియం పట్టీ వేయించండి. బురద పట్టినప్పుడల్లా తుడవండి. చెడిపోయి రోడ్డు మీద ఆగితే చక్రాల కింద పెట్టిన రాళ్లను కదిలేముందు తీసి పక్కకు వేయండి; వెనక వచ్చేది మోటారు సైకిలు కావచ్చు.

“యూటర్న్ దూరం, రాంగ్ రూట్లో పోదాం. జనమేగా, డబ్బాలో ఎక్కించు.” ఈ రెండు మాటలూ కలిస్తే ఏమవుతుందో 2022 నవంబరులో మునగాల దగ్గర చూశాం. అయ్యప్ప పూజ నుంచి రాత్రి తిరిగొస్తూ ఎదురు దారిలో పోతున్న ట్రాక్టరును లారీ గుద్దింది, ఐదుగురు పోయారు. 2018 ఏప్రిల్ 6న పి.ఏ.పల్లి మండలంలో కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది ఆడవాళ్లు చనిపోయారు. అదే ఏడు జూన్ 24న వలిగొండ మండలంలో మూసీ కాలువలో ఇంకో ట్రాక్టరు పడింది, పదిహేను మంది పోయారు. డబ్బాలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తిరగబడితే ఇనుమంతా మీదే పడుతుంది. వడ్లకోసం చేసిన దాంట్లో మనుషుల్ని కూర్చోబెట్టే మంచి పద్ధతంటూ లేదు, మెల్లగా తోలినా లేదు. నాటుకో మిరప ఏరడానికో కూలీలను పిలిచేటప్పుడే ఆటో కిరాయి ఎవరిదో ముఠా మేస్త్రితో మాట్లాడుకోండి. మనం పెట్టే ఖర్చులో ఎరువుకు, మందుకు లెక్క ఉన్నట్టే దానికీ ఒక పద్దు రాసుకోండి.