నల్లమలలో ఏసీ పనిచేయడం లేదు

మా ఆఫీసులో నల్లమల ఏడో అంతస్తులో ఉంటుంది. పన్నెండు కుర్చీలు, ఒక తెర, గోడకు పులి బొమ్మ. దాని పక్కనే కృష్ణ. కృష్ణ చిన్నది, ఆరుగురికే సరిపోతుంది. మీటింగ్ గదులకు అడవుల పేర్లూ నదుల పేర్లూ పెట్టాలన్న ఆలోచన ఎవరిదోగానీ, "నల్లమల ఖాళీ లేదు, గోదావరిలో దూరండి" అంటే మాదాపూర్‌లో ఇప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు. "కృష్ణలో నీళ్లు లేవు" అంటే కృష్ణా బోర్డుకు ఉత్తరం రాయరు, హౌస్‌కీపింగ్‌కి ఫోన్ చేస్తారు.

ఆ నల్లమలలో కూర్చునే మొన్న నల్లమలకు వెళ్లాలని తీర్మానించాం. ఏసీ పనిచేయడం లేదు కాబట్టి తీర్మానం త్వరగానే అయింది.

నిజానికి అంతదూరం పోవలసిన పనే ఉండేది కాదు. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి ఆ చుట్టుపక్కల ఉన్నవి గుండ్లూ తుప్పలే. భూమి మీద చెట్టూ చేమా లేని కాలం నాటి గ్రానైటు, సుమారు 250 కోట్ల ఏళ్లది. రెండు గుండ్ల మధ్య దూరితే గుహ, నాలుగడుగులు దిగితే దుర్గం చెరువు. కొండల మాటున ఎవరికీ కనిపించదని దాన్ని సీక్రెట్ లేక్ అనేవాళ్లు. ఇప్పుడు దాని మీద కేబుల్ వంతెన వచ్చింది, 2020లో. రంగు రంగుల దీపాలు పెట్టి మరీ ఆ రహస్యాన్ని ఊరంతటికీ చెబుతున్నారు. గుండ్లను పేల్చి ఆఫీసు కట్టుకున్నాం, కట్టాక వెలితిగా ఉందని లోపలి గదులకు అడవి పేర్లు పెట్టుకున్నాం. సరే, ఇది నా సొంత ఏడుపు. ప్రయాణం సంగతి చెప్తాను.

క్యాంపు పెట్టించేవాళ్ల ప్రకటన ఇలా ఉంది: అడవి నడుమ, నది ఒడ్డున, గుహ పక్కన, టెంటులో ఒక రాత్రి. తలకు 4,500 రూపాయలు. సిగ్నల్ ఉండదు, గ్యారంటీ. సిగ్నల్ లేకపోవడానికి డబ్బు పుచ్చుకునేవాళ్లను చూడటం నాకు అదే మొదలు. మా అపార్ట్‌మెంటు లిఫ్టులో అది ఉచితం.

గుహ అంటే అక్కమహాదేవి గుహలు. శ్రీశైలం జలాశయం మీదుగా పడవలో పోవాలి. పన్నెండో శతాబ్దంలో కన్నడ దేశాన ఉడుతడి నుంచి బయల్దేరిన ఆ తల్లి, కట్టుబట్టలు కూడా అక్కర్లేదని, జుట్టే కప్పుకుని, కల్యాణం మీదుగా మల్లికార్జునుణ్ణి వెతుక్కుంటూ ఈ కొండలకు వచ్చింది. ఆవిడ ఉన్న చోటు చూడటానికి మేం తయారుచేసుకున్న ఎక్సెల్ షీటులో మనిషికి 43 వస్తువులు. అందులో దోమల మందే మూడు రకాలు. రెండు ఎక్స్‌టెన్షన్ బోర్డులు కూడా కనిపిస్తే, అడవిలో ఇవెందుకురా అన్నాను. "ఉండనీయండి సార్, దేనికైనా పనికొస్తాయి" అన్నాడు మా టెస్టింగ్ కుర్రాడు.

శుక్రవారం నాలుగింటికి బయల్దేరవలసిన వ్యాను, ఎవరికో ఆఖరి నిమిషం కాల్ వచ్చి, ఆరింటికి కదిలింది. బయోడైవర్సిటీ చౌరస్తా దాటడానికి ముప్పావు గంట. జీవవైవిధ్యం పేరు పెట్టుకున్న ఆ చౌరస్తాలో నాకు ఎప్పుడూ కనిపించేది ఒకటే జాతి, అది హారన్ కొడుతుంది. కడ్తాల్‌లో టీ, డిండి దగ్గర ఫొటోలు. మన్ననూరు చెక్‌పోస్టుకు చేరేసరికి తొమ్మిదీ పది. గేటు పడిపోయింది.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా శ్రీశైలం రోడ్డు మీద బండ్లు పోనివ్వరు. అది మాకు తెలియదని కాదు, మాకు వర్తించదనుకున్నాం. మా డెలివరీ హెడ్ దిగి, మెడలో ఐడీ కార్డు సవరించుకుని, మర్యాదగానే అడిగాడు.

"పది నిమిషాలే కదా ఆలస్యం. దీన్ని ఎస్కలేట్ చేయాలంటే ఎవరితో మాట్లాడాలి?"

గేటు దగ్గరి పెద్దమనిషి టార్చి ఆర్పకుండానే అన్నాడు: "లోపట పులి ఉన్నది సార్. దానికే చెప్పుకోవాలె. అది గుడ ఇప్పుడే డ్యూటీ ఎక్కింది."

క్యాంపువాళ్లకు ఫోన్ చేస్తే అసలు సంగతి తెలిసింది. టెంట్లు గేటుకు ఇవతలే ఉన్నాయట. పులుల అడవిలో ఎవరికి వాళ్లు గుడారం వేసుకుంటామంటే అటవీశాఖ ఊరుకోదు కదా సార్, అన్నాడతను, ఆ ప్రకటన వేరెవరో రాసినట్టు. మమ్మల్ని తీసుకెళ్లి ఒక రైతు చెలకలో దింపాడు. పక్కన కుంట. నది ఏదయ్యా అంటే, ఈ కుంట నిండితే వాగులో పడుతుంది, వాగు డిండిలో, డిండి కృష్ణలో కలుస్తుంది అన్నాడు. ఆ లెక్కన మా ఇంటి మోరీ కూడా నదీతీరమే. గుహ? అది రేపు. సిగ్నల్ మాత్రం నాలుగు గీతలూ నిండుగా ఉంది.

అందుకే పదకొండింటికి అమెరికా నుంచి కాల్ వచ్చింది, సర్వరు పడిపోయిందని. ఎక్స్‌టెన్షన్ బోర్డులు రెండూ కలిపి బోరుమోటరు షెడ్డులోంచి కరెంటు లాగాం. మా కుర్రాడు టెంటు ముందు బాసింపట్టు వేసుకుని, తలకు లైటు కట్టుకుని, వెనకాల నక్షత్రాలతో కాల్‌లోకి వెళ్తే, ఆ బ్యాక్‌గ్రౌండు ఎక్కడ డౌన్‌లోడ్ చేశావని అడిగాడట క్లయింటు. మిగతావాళ్లు స్పీకరు పెట్టి డాన్సు మొదలెట్టారు. కాసేపటికి రైతు వచ్చి, "సారూ, జర పాట తగ్గించుండ్రి, బర్రె బెదురుతున్నది" అన్నాడు. ఆ రాత్రంతటిలో మేం చూసిన వన్యప్రాణి ఆ బర్రె ఒక్కటే.

పొద్దున గేటు తీశాక అడవి. ఇక్కడ ఎగతాళి చేయడానికి నాకు నోరు రాలేదు. 2,611 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, వ్యానులో అందరూ ఓ పది నిమిషాలు నిజంగానే మాట్లాడలేదు. ఆ తర్వాత దోమలపెంట బోర్డు కనిపించి, మా గుంటూరు అబ్బాయి పకపకా నవ్వాడు. వాళ్ల వైపు పెంట అంటే వేరు మరి. ఇక్కడ పెంట అంటే చెంచుల గూడెం. ఈమధ్య ఆ నవ్వులు పడలేకనేమో, సర్కారు దోమలపెంటను బ్రహ్మగిరి, ఈగలపెంటను కృష్ణగిరి చేసింది. మీటింగ్ గదులకు పేర్లు పెట్టినవాళ్లే ఇక్కడికీ వచ్చి ఉంటారని నా అనుమానం.

పాతాళగంగలో పడవ ఎక్కాం. రెండు వైపులా కొండలు, మధ్యన ఆకుపచ్చని నీళ్లు. ఒడ్డున దిగి మెట్లెక్కితే పెద్ద రాతి తోరణం. ఎవరూ చెక్కింది కాదు, దానంతటదే నిలబడింది. లోపలికి పోయేకొద్దీ గుహ ఇరుకవుతుంది. ముందు తల వంచాలి, తర్వాత నడుం వంచాలి, ఆ తర్వాత పక్కకు తిరిగి జరగాలి, చివర లింగం దగ్గరికి దాదాపు పాకాలి. గబ్బిలాల వాసన. గుహ ఎవరి హోదానూ లెక్కచేయదు, పొట్టనొక్కటే లెక్కచేస్తుంది. మా డెలివరీ హెడ్ ఒక మలుపులో ఇరుక్కున్నాడు. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు. వెనకాల పదకొండు మందిమి. ఆ చీకట్లో ఆయన వాచీ బుర్రుమని వెలిగింది: గంట నుంచి కదల్లేదు, లేచి నాలుగడుగులు వేయండి.

తిరుగుదారిలో రోడ్డు పక్కన చెంచు పెద్దాయన ఒకాయన తేనె అమ్ముతున్నాడు. కొండచరియ నుంచి తీసిన తేనె. తాడు కట్టుకుని కిందికి దిగితే పైన ఎవరు పట్టుకుంటారని అడిగాను. బామ్మర్ది అన్నాడు. చెల్లె ముండమోయొద్దని వాడే గట్టిగ పట్టుకుంటడట. మా ట్రిప్పుకు నాలుగు పేజీల భద్రతా పత్రం మీద సంతకాలు చేయించారు. దానికంటే ఇది నమ్మకంగా తోచింది.

"ఏడికెల్లొచ్చిండ్రు?"

"హైటెక్ సిటీ."

"ఆడ ఇండ్లు లేవా?"

"ఉన్నాయి."

"మరి గుడారంల పండుడేంది?"

మా దగ్గర స్లైడు లేదు. ఆయనే అందుకున్నాడు: "మమ్ముల అడివిలకెల్లి లేసి పొమ్మంటున్నరు. పైసలిస్తరట." అది నిజమే. పులుల అభయారణ్యాల నడిమి భాగం నుంచి స్వచ్ఛందంగా వెళ్లిపోయే కుటుంబానికి ఇదివరకు 10 లక్షలిచ్చేవాళ్లు, 2021 నుంచి 15 లక్షలు. కాగితాల్లో స్వచ్ఛందం అన్న మాట మాత్రం తప్పకుండా ఉంటుంది.

వ్యాను ఎక్కాక మా టెస్టింగ్ కుర్రాడు ఊరికే ఉండలేక ఫోనులో లెక్క తీశాడు. రాత్రికి 4,500 చొప్పున 15 లక్షలంటే 333 రాత్రులు. నలుగురున్న కుటుంబమైతే 83. అంటే అడవి అంచున చెలకలో బర్రె పక్కన పడుకోవడానికి మేమిచ్చిన రేటు ప్రకారం, తరతరాలుగా అడవి నడుమ ఉన్నవాళ్లకు మూడు నెలల అద్దె కూడా గిట్టలేదు. "ఫార్ములా తప్పేమో, మళ్లీ చూడు" అన్నాడు డెలివరీ హెడ్. మళ్లీ చూశాడు. 83 రాత్రులే.

సోమవారం పదింటికి నల్లమలలో కూర్చున్నాం, ట్రిప్పు ఎలా జరిగిందో సమీక్షించడానికి. ఏసీ బాగయింది. రెండో అంశంలో ఉండగానే తలుపు తట్టారు. పేరోల్ టీమువాళ్లు, పదిన్నర నుంచి గది తమదన్నారు. మేం ముందునుంచీ ఇక్కడే ఉన్నాం, ఇంకో ఐదు నిమిషాలు అన్నాను. బుకింగ్ చూపించారు. కప్పులూ ల్యాప్‌టాప్‌లూ పట్టుకుని లేచాం. ఎవరూ తోసిందేమీ లేదు, స్వచ్ఛందంగానే. పోతూ పోతూ పాంట్రీలో కొత్త కాఫీ మిషను వచ్చిందని చెప్పారు.