ఆకాశానికి వీధి దీపాలు

మన పురపాలక సంఘాలకు దూరదృష్టి లేదని గిట్టనివాళ్లు అంటుంటారు. పచ్చి అబద్ధం. ఏ ఊళ్లోనైనా రాత్రిపూట పెద్ద కూడలికి వెళ్లి తలెత్తి చూడండి. కళ్లు బైర్లు కమ్మితే నా పూచీ లేదు. నడిరోడ్డున హైమాస్ట్ స్తంభం, దాని నెత్తిన గుండ్రంగా ఫ్లడ్‌లైట్లు. ఒక్కటీ తల వంచి నేలను చూడదు. అన్నీ మెడలు నిక్కించి చుక్కలవైపే చూస్తుంటాయి. కింద గుంత కనిపించకపోతే ఏం? శుక్రగ్రహం మీద ఎవరైనా దారి తప్పితే క్షేమంగా ఇల్లు చేరేంత వెలుగు పైకి పంపుతున్నాం. ఇంతకుమించిన దూరదృష్టి ఏ సర్కారుకు ఉంటుంది?

స్తంభం మొదట్లో నల్లరాతి ఫలకం ఉంటుంది. ఎంపీగారి నిధులు, ఎమ్మెల్యేగారి చేతుల మీదుగా ప్రారంభం, చైర్‌పర్సన్‌గారి అధ్యక్షత, కౌన్సిలర్ల పేర్లు వరసగా. వెలుగు ఎటు పడాలో, రాత్రి ఎన్నింటికి తగ్గించాలో మాత్రం అందులో ఉండదు. ఆ స్తంభం నీడ సరిగ్గా మిరపకాయ బజ్జీల బండి మీద పడుతుంది. కాగే నూనె కనపడక బండాయన సొంతంగా ఓ బల్బు వేలాడదీసుకున్నాడు. నూనె డబ్బా రేకు కత్తిరించి దానిపైన గొడుగులా బోర్లించాడు. వెలుగు మొత్తం బాండీలో పడుతుంది, కొనేవాడి కంట్లో పొడవదు, పైకి చుక్కంతైనా పోదు. ఊరి మొత్తానికి దీపం ఎలా పెట్టాలో తెలిసిన ఇంజినీరు అతనొక్కడే. అతనికి టెండరు రాదు.

హైమాస్ట్ అయితే ‘అవసరం’ పద్దు. ‘సుందరీకరణ’ పద్దు వేరే ఉంది. డివైడరు మీది ప్రతి స్తంభానికీ రంగుల పట్టీ పాములా చుట్టుకుంటుంది. మొదటి వానాకాలానికి ఒక రంగు, రెండో వానాకాలానికి మరో రంగు మాడిపోయి, మిగిలిన రంగు ఏ పార్టీదో అన్న చర్చ మొదలవుతుంది. చెట్లకూ మోక్షం లేదు. వేపచెట్టుకు మాను నుంచి చిటారు కొమ్మ దాకా సీరియల్ సెట్లు. తెల్లారిందో లేదో తేల్చుకోలేక ఆ కొమ్మల్లో కాకి అర్ధరాత్రి లేచి అరుస్తుంది. చెరువుగట్టున ‘ఐ లవ్’ అంటూ ఊరి పేరు ఎర్రగా వెలుగుతుంది. అంత ప్రేమా చెరువులో కలుస్తున్న మురుగునీటి మీద ప్రతిఫలించి రెట్టింపవుతుంది.

ఇదివరకు మనవాళ్లకు చుక్కలు లెక్కపెట్టే పాడు అలవాటు ఒకటి ఉండేది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లో సొంత డబ్బుతో వేధశాల పెట్టించాడు. తర్వాత అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, నిజామియా వేధశాలగా బేగంపేటలో స్థిరపడింది. దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని పటం గీస్తున్న రోజులవి. తన వాటాకు వచ్చిన పట్టీలో నిజామియా 1914 నుంచి 1929 దాకా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు నమోదు చేసింది. ఎక్కడి నుంచి? హైదరాబాద్ నడిబొడ్డు నుంచి! ఇవాళ అక్కడ నిలబడి మామూలు కంటితో కనిపించే చుక్కలు లెక్కపెట్టమంటే పదిహేనేళ్లు అక్కర్లేదు, ఇరానీ చాయ్ చల్లారేలోపు పనైపోతుంది. ఉత్పాదకత పెరగడమంటే ఇదీ.

నగరం వెలుగు పెరిగేకొద్దీ శాస్త్రవేత్తలు చీకటి వెతుక్కుంటూ ఊరు వదిలారు. 48 అంగుళాల పెద్ద దూరదర్శినిని 1960ల చివర్లో యాభై కిలోమీటర్ల అవతల జాపాల్-రంగాపూర్ గుట్ట మీద పెట్టుకున్నారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. పాపం, ఆ తెలివైనవాళ్లకు ఒక్కటి తట్టలేదు. దూరదర్శిని గుట్ట దిగి పారిపోలేదు, నగరం మాత్రం రింగు రోడ్డెక్కి ఎంత దూరమైనా వస్తుంది.

శాస్త్రం సంగతి వదిలేద్దాం, సంప్రదాయం పరిస్థితేమిటి? పెళ్లిలో అరుంధతీ దర్శనం అనే ఘట్టం ఉంది కదా. పురోహితుడు వధూవరులను బయటికి తీసుకొచ్చి, “అదిగో సప్తర్షి మండలం, వసిష్ఠుడి పక్కన సన్నగా మెరిసే చుక్క, చూశారా?” అని వేలు చూపిస్తాడు. ఆ వేలి చివర ఎదుటి మున్సిపల్ పార్కులో గుమ్మడికాయంత తెల్లగోళాల దీపాలు, వాటి పైన పాలు విరిగినట్టున్న ఆకాశం. “చూశామండీ” అంటాడు పెళ్లికొడుకు. “నాక్కూడా కనిపించింది” అంటుంది పెళ్లికూతురు. కాపురంలో తొలి అబద్ధం అగ్నిసాక్షిగా ఇద్దరూ కలిసి ఆడేశారు. ఫొటోగ్రాఫరు “సార్, మళ్లీ ఒక్కసారి పైకి చూడండి” అంటూ తన లైటు కూడా వాళ్ల మొహాన కొడతాడు. అరుంధతి పాతివ్రత్యానికి ఢోకా లేదు, ఆచూకీకే ఢోకా.

ఇది ఒక్క మన ఊరి గొడవ కాదు. ప్రపంచం నలుమూలలా మామూలు జనం 2011 నుంచి 2022 దాకా తమకు కనిపించిన చుక్కల వివరాలు పంపితే, రాత్రి ఆకాశం ఏటా సగటున 9.6 శాతం చొప్పున తెల్లబడుతోందని తేలింది. ఆ లెక్కన ఇవాళ 250 చుక్కలు కనిపించే చోట పుట్టిన బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండేసరికి మిగిలేవి వంద. అంటే ఓటు హక్కు వచ్చేనాటికి నూటయాభై చుక్కలు జాబితాలోంచి గల్లంతు. దొంగ ఓట్ల గురించి అరిచే పార్టీల్లో ఒక్కటైనా దీని మీద ధర్నా చేసిందా?

విశాఖ తీరానికి వెళితే అభివృద్ధిని మనసా వాచా నమ్మినవాళ్లు కనిపిస్తారు. అవి ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు. ఇసుకలో గుడ్డు పగిలి బయటికి రాగానే వెలుతురు ఎటుంటే అటు పాకడం వాటి పుట్టుకతో వచ్చిన తెలివి. మనిషి పుట్టకముందు నుంచీ రాత్రిపూట ఆ వెలుతురు సముద్రం మీదే ఉండేది. ఇప్పుడు బీచ్ రోడ్డు మీద ఉంది. కాబట్టి అవి సముద్రానికి వీపు తిప్పి కార్ల చక్రాల వైపు, కుక్కల వైపు బుడిబుడిగా కదులుతాయి. ప్రభుత్వంలో ఒక శాఖ గుడ్లు ఏరి, కంచె వేసి, పొదిగించి పిల్లలను నీళ్లలో వదులుతుంది. ఇంకో శాఖ ఆ కంచె పక్కనే కొత్త స్తంభం పాతుతుంది. శాఖల మధ్య సమన్వయం లేదని ఎవరన్నారు? ఒకరి పని వల్లే ఇంకొకరికి పని దొరుకుతోంది.

ఈ మాటలు ఎత్తగానే “ఆడపిల్లల భద్రత మీకు పట్టదా?” అని గద్దిస్తారు. పట్టబట్టే అడుగుతున్నాం. బస్టాపు నుంచి హాస్టలుకు నడిచే సందులో ఆర్నెల్లుగా బల్బు లేదు. ఫిర్యాదు నంబరు మాత్రం ఉంది. విగ్రహం ఉన్న కూడలిలోనేమో అర్ధరాత్రి పట్టపగలు. ఆ మిరుమిట్లు దాటి సందులోకి తిరిగిన మనిషికి కాసేపు ఏమీ కనపడదు. పొంచి ఉన్నవాడికి అంతకన్నా ఏం కావాలి? ఇంగ్లండ్, వేల్స్‌లలో 62 స్థానిక సంస్థలు అర్ధరాత్రి తర్వాత దీపాలు తగ్గించడమో ఆర్పడమో చేస్తే ఏమైందో పరిశోధకులు లెక్క తీశారు. ప్రమాదాలు గానీ నేరాలు గానీ పెరిగాయనడానికి ఆధారం దొరకలేదని 2015లో ప్రకటించారు. అలాగని మన సందుల్లో దీపాలు తీసేయమని ఎవరూ అనడం లేదు. సందుకు దీపం పెట్టండి, దానికో టోపీ పెట్టండి అంటున్నాం.

“అన్నీ ఎల్ఈడీలే కదా, కరెంటు ఆదా” అనేది ఇంకో సమాధానం. నిజమే. 2014లో హుద్‌హుద్ తుపాను కొట్టిన దెబ్బ తర్వాత విశాఖ వీధులన్నీ ఎల్ఈడీకి మారాయి. 2015లో మొదలైన జాతీయ పథకం కింద దేశమంతటా కోటికి పైగా దీపాలు మారాయి. బిల్లు తగ్గింది. తగ్గిన బిల్లు చూసి మనం ఊరుకున్నామా? ఒక దీపం ఉన్నచోట నాలుగు పెట్టాం, పసుపుపచ్చని చోట ఆపరేషన్ థియేటర్ తెలుపు తెచ్చాం. ఆదా చేసిందంతా ఆకాశానికే పెట్టుబడి.

మరి చట్టం? రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు పెట్టకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. ఎంతవరకు వింటున్నామన్నది వేరే కథ, ఫిర్యాదు చేయడానికి కాగితమైనా ఉంది. పడకగదిలోకి రాత్రంతా దూరే ఫ్లడ్‌లైటుకు ఆ కాగితం కూడా లేదు. వెలుగు కాలుష్యం మీద దేశంలో ప్రత్యేక చట్టమే లేదు. అమెరికాలో ఫ్లాగ్‌స్టాఫ్ అనే చిన్న ఊరు 1958లోనే వ్యాపార ప్రకటనల సెర్చ్‌లైట్లను నిషేధించింది. దీపాల నగరమని పేరుపడ్డ పారిస్ ఉన్న ఫ్రాన్సులో 2018 నాటి ఉత్తర్వు ప్రకారం కట్టడాల అలంకరణ దీపాలు రాత్రి ఒంటిగంటకల్లా ఆరిపోవాలి. కొత్త వీధి దీపం వెలుగులో నూటికి ఒక వంతు కూడా పైకి పోకూడదు. పారిస్ అంధకారంలో మునిగిందని ఇంతవరకు వార్త రాలేదు.

విదేశాలు మనకెందుకంటారా, మన లద్దాఖే ఉంది. 2022లో హాన్లే చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఊరి యువతకు టెలిస్కోపులిచ్చి తర్ఫీదునిస్తే, వాళ్లు పర్యాటకులకు చుక్కలు చూపించి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నారు. మన దగ్గర ఆ సేవ రోడ్డు గుంతలు ఉచితంగానే చేస్తున్నాయి. మహారాష్ట్రలో పేంచ్ అభయారణ్యం పక్క పల్లెలు వీధి దీపాల మొహాలు నేలకు తిప్పుకుని, 2024లో ఆ అడవికి అంతర్జాతీయ గుర్తింపు తెచ్చిపెట్టాయి. పల్లెటూళ్లకు సాధ్యమైంది స్మార్ట్ సిటీలకు సాధ్యం కాదంటే ‘స్మార్ట్’ అన్న ముద్ర ఎవరు వేశారో విచారణ జరగాలి.

సరే, ఈ కోరికలు మరీ పెద్దవనుకుంటే ఖజానాకు లాభించే సూచన ఒకటుంది. మన ఆస్తి పన్నులో దీపాల పన్ను అని ఒక భాగం కలిసి ఉంటుంది. సందులో దీపం వెలగకపోయినా మనం కడుతూనే ఉన్నాం. వెలుగులో అంత వాటా మింగుతున్న ఆకాశం మాత్రం ఇంతవరకు పైసా చెల్లించలేదు. వెంటనే దానికి అసెస్‌మెంట్ నంబరు కేటాయించి, విస్తీర్ణం కొలిచి, పాత బకాయిలతో, అపరాధ రుసుముతో డిమాండు నోటీసు పంపాలి. గడువులోగా కట్టకపోతే మొహమాటం అక్కర్లేదు. పేదవాడి ఇంటికి చేసినట్టే చేయండి. కనెక్షన్ కట్ చేసేయండి.