మహేంద్రగిరి ఎక్కేవాళ్లకు కొన్ని ఎదురు సలహాలు

కొండ ఎక్కాలని సరదా పడేవాళ్లకు దొరికే సలహాలు దాదాపు అన్నిచోట్లా ఒక్కలాగే ఉంటాయి. చీకటి ఉండగానే బయలుదేరండి, సంచి తేలిగ్గా సర్దుకోండి, జనం లేని దారి వెతుక్కోండి, మాట్లాడకుండా అడవిని వినండి, కాళ్లు నొప్పి పుట్టకముందే ఓ మాత్ర వేసుకోండి, ఏమైనా సరే శిఖరం తాకే రండి. హిమాలయాల్లో వీటి సంగతి నాకు అక్కర్లేదు. పలాస, టెక్కలి, మందస చుట్టూ ఉన్న కొండల్లో మాత్రం ఈ సలహాలు కొన్ని పనికిరావు, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే ప్రతిదానికీ అడ్డంగా చెప్పబోతున్నాను. ఇదేం తిక్క సలహా అని మీకు అనిపించొచ్చు. అయినా చివరిదాకా చదవండి.

మొదట సముద్రానికి వెళ్లండి

కొండెక్కడానికి వచ్చినవాడిని సముద్రానికి పొమ్మంటారా అనకండి. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. లెక్కకు అది ఒడిశా గజపతి జిల్లాలోది. సోంపేట, మందస, పలాస మనుషులకు మాత్రం పొద్దున్న వాకిట్లోకి రాగానే కనిపించే మన కొండే. బారువ తీరం నుంచి శిఖరానికి నేరుగా గీత గీస్తే పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇంత ఎత్తు కొండ సముద్రానికి ఇంత దగ్గరగా ఉండడం తూర్పు కనుమల్లో అరుదు. సముద్రం మీది తేమగాలి నేరుగా వెళ్లి దాన్నే తాకుతుంది. కింద ఎండ కాస్తూ ఉండగానే పైన మబ్బు కమ్ముకోవడానికి కారణం అదే.

బారువ ఇసుకలో నిలబడి వాయవ్యంగా చూడండి. మబ్బు ఎన్ని గంటలకు కొండకు పట్టింది, ఎంతసేపు ఉంది, ఎప్పుడు విడిచింది? నాలుగు వారాలపాటు దీన్ని గమనించినవాడికి ఏ వాతావరణ సూచనా చెప్పలేని సంగతులు తెలుస్తాయి. తీరంలో వేటకు పోయేవాళ్లు ఒడ్డు ఎక్కడుందో కొండలను బట్టి గుర్తుపట్టినవాళ్లే కదా. వాళ్లను అడగండి, కొండ గురించి మీకంటే ఎక్కువ చెబుతారు. పనిలో పనిగా ఆ ఇసుకలో నడవండి. మడమలకూ పిక్కలకూ అంతకన్నా మంచి సాధన లేదు. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గరే సముద్రంలో కలుస్తుంది. ఏటి గట్టు పట్టుకుని కొంత దూరం ఎగువకు నడిస్తే మీరు ఎక్కబోయే కొండ నీళ్లు మీ పక్కనే పారుతుంటాయి.

సంచి బరువుగానే ఉండనివ్వండి

సంచి బరువు తగ్గించుకోవాలని నీళ్లు తగ్గించేవాళ్లను చాలామందిని చూశాను. చలికాలంలో కూడా నాలుగు లీటర్లకు తగ్గకండి. నాలుగు కిలోల బరువే, ఒప్పుకుంటాను. కానీ ఎక్కేటప్పుడు ఉన్న ఆ బరువు దిగే వేళకు తాగేసి ఉంటారు. మోకాళ్ల మీద ఎక్కువ భారం పడేది దిగేటప్పుడే. బరువు తనంతట తానే సమయానికి తగ్గిపోతుంది.

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, గుక్కలు గుక్కలుగా. వట్టి నీళ్లే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు. మన అమ్మమ్మలు పొలానికి పోయేవాళ్లకు ఇచ్చింది తరవాణి, ఉప్పేసిన చోడి అంబలి. సీసాలో అవి పోసుకుని వెళ్లండి, లేదా ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టుకోండి. గెడ్డ నీళ్లు ఎంత తేటగా కనిపించినా కాచకుండా తాగొద్దు. మూత్రం ముదురు పసుపు రంగులోకి తిరిగిందంటే ఇక ఎక్కడం ఆపి నీడ చూసుకుని కూర్చోండి.

నొప్పి మాత్ర ముట్టుకోకండి

దీని దగ్గర కాసేపు ఆగుతాను. మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలు.

కొండ కింద టీ కొట్టు దగ్గర ఎక్కేవాళ్లు చేరగానే ఒకరి జేబులోంచి మాత్రల అట్ట బయటికొస్తుంది. 'ముందే ఒకటి ఏసుకుంటే కాళ్లు నొప్పుట్టవు' అని తలా ఒకటి పంచుతారు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి. శరీరంలో నీరు తగ్గినప్పుడు కూడా మూత్రపిండాలకు రక్తం అందేలా కాపాడే పదార్థాలు కొన్ని మన ఒంట్లో తయారవుతాయి. ఈ మాత్రలు వాటినే అడ్డుకుంటాయి. మామూలు రోజున ఆరోగ్యంగా ఉన్నవాడికి ఒక మాత్రతో ఏమీ కాకపోవచ్చు. ఎండలో, చెమటలో, నీళ్లు చాలక, కండరాలు నలిగిపోయి ఉన్న రోజున అదే మాత్ర మూత్రపిండాన్ని దెబ్బతీయగలదు.

ఈ మాట ఎవరికైనా చెప్పాల్సిందే, ఉద్దానంలో మరీ గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు తొంగిచూడని ఊరు వెతకాలి. షుగరూ బీపీ లేని రైతులకు, జీడితోటల్లో ఎండకు పనిచేసిన కూలీలకు కూడా ఇది వచ్చింది. ఫలానా కారణమని శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఖాయంగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. ఇన్ని కోట్లు ఖర్చుపెట్టి కాపాడుకోవాల్సిన అవయవాన్ని ఒక ఆదివారం సరదా కోసం పణం పెట్టడం నాకు మింగుడుపడదు.

ఈ ప్రాంతంవాళ్లైతే కొండెక్కే ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. బూట్లకు పెట్టే ఖర్చులో అది చిన్న వంతు. ఫలితం కాస్త తేడాగా వస్తే వైద్యులను అడిగి, వాళ్లు సరేనన్నాకే నడవండి. ఇంకో మాట. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు మన ఉద్దానం కొబ్బరిబొండమే కదా అని తాగేయకూడదు, అదీ అడిగే తాగాలి. కాళ్లు నొప్పి పుడితే కూర్చోవడమే మందు. నొప్పి ఆగమంటోంది, మాత్ర దాని నోరు నొక్కుతుంది.

తెల్లారాకే కదలండి, మాట్లాడుతూ నడవండి

ఉద్దానం జీడితోటల్లో, కొండ మొదట్లోని తుప్పల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. మనుషుల ప్రాణాలు పోయిన ఘటనలూ ఉన్నాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర జరిగిన ఎలుగుబంటి దాడిని ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. ఎలుగుబంటి రాత్రి తిరుగుతుంది, తెల్లవారుజామున ఇంకా తిరుగుతూనే ఉంటుంది. జీడిపండు, పనసపండు, పుట్టల్లో చెదపురుగులు దాని తిండి. చూపు తక్కువ. తల వంచి తింటున్నప్పుడు మనిషి హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది.

మరి మూడు గంటలకు టార్చిలైటు పట్టుకుని తోటలగుండా నడవమనే సలహా ఎవరికి మేలు చేస్తుంది? సూర్యుడు బాగా పైకొచ్చాక కదలండి. అప్పుడు ఎండ తగులుతుందంటారా, అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే ఎక్కండి. పనస, జీడి పండే రోజుల్లో తోటలు ఎలుగుబంటికి వదిలేయండి. నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడండి, పాటలు పాడండి, కర్రతో రాళ్లు తట్టండి. కుక్కను తీసుకుపోకండి, అది ఎలుగును రెచ్చగొట్టి మీ దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. ఎదురుపడితే పరిగెత్తొద్దు, దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి తగ్గండి. మీద పడితే బోర్లా పడుకుని మెడ వెనక రెండు చేతులూ అడ్డుపెట్టుకోండి.

మొదటిసారి జనంతోనే ఎక్కండి

ఏకాంతం కావాలనేవాళ్లు శివరాత్రిని తప్పించుకుంటారు. నేనైతే కొత్తవాళ్లను శివరాత్రికే రమ్మంటాను. ఆ రోజుల్లో మన జిల్లా నుంచీ ఒడిశా నుంచీ వేలమంది మహేంద్రగిరి ఎక్కుతారు. భీముడు, ధర్మరాజు, కుంతి పేర్లతో పైన పాత రాతి గుడులు ఉన్నాయి. పరశురాముడు తపస్సు చేసిన కొండ అని నమ్మకం. ఒడిశా వైపు బండ్లు పోయే రోడ్డు ఉన్నా, మందస వైపునుంచి కాలినడకనే ఎక్కే ముసలివాళ్లు ఎంతమందో! వాళ్ల వెనకే వెళ్లండి. డెబ్బై ఏళ్ల మామ్మ ఎక్కడ ఆగుతోంది, ఎంతసేపు ఆగుతోంది, ఏం తింటోంది, రాయి మీద పాదం ఎలా పెడుతోంది, ఇదంతా ఏ శిక్షణ శిబిరంలోనూ దొరకని చదువు. పైన కాసేపు ఆగాక చెమట బట్టలతో వణుకు పుడుతుంది. వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి తీరంకంటే అక్కడ తొమ్మిది పది డిగ్రీలు తక్కువ. ఒక స్వెట్టరు సంచిలో వేసుకోండి.

ఫోన్‌లో దారి చూసుకోకండి

తెరమీది గీతను నమ్మి తుప్పల్లో పడకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి నేలకూలిపోయాయి. ఫలానా చెట్టు దగ్గర ఎడమకు తిరగాలన్న గుర్తులన్నీ చెట్లతోపాటే పోయాయి. పోడు మారినప్పుడల్లా కాలిబాటా మారుతుంది. ఈ సంగతి తెలిసేది రోజూ ఆ దారిన తిరిగే సవర గిరిజనులకు, కట్టెల మోపులతో దిగే ఆడవాళ్లకు. వాళ్లను అడిగి, వీలైతే వాళ్లలో ఒకరికి కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. మోపు దింపుకుని నిలబడ్డ ఒకామె నన్ను అడిగింది: 'ఏటి బాబూ, ఉత్తి చేతుల్తో ఎక్కీసి ఉత్తి చేతుల్తో దిగిపోడానికా ఇంత అవస్థ?' అవునన్నాను. ఆమె నవ్వి, దగ్గరి దారి చూపించింది.

ఈ కట్టెల కోసం మనుషులు చచ్చిపోయారని ఎక్కేవాళ్లకు తెలియాలి. మందస జమీందారీలో అడవి కలప తెచ్చుకున్నారని రైతులను పట్టుకుపోతుంటే అడ్డం తిరిగిన ససుమాన గున్నమ్మను 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్చి చంపారు. వీరగున్నమ్మ అంటే జిల్లా అంతా గుర్తుపడుతుంది. మన సరదా నడక అడవి మీద హక్కు కోసం పోరాడినవాళ్ల దారిలోనే సాగుతుంది. మోపుతో ఎదురొచ్చినవాళ్లకు పక్కకు తప్పుకుని దారివ్వడం కనీస మర్యాద.

ఒకే గుట్టను మళ్లీ మళ్లీ ఎక్కండి

వారానికో కొత్త కొండ అనుకోకండి. 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ రాళ్లెక్కడం మొదలుపెట్టింది భువనగిరి బండ మీద. డార్జిలింగ్, లడఖ్ ఆ తర్వాతివి. మీ ఊరి పక్క గుట్ట అలాంటి బడే. టెక్కలి దగ్గర రావివలసలో పైకప్పు లేకుండా ఎండలోనే ఉండే ఎండల మల్లికార్జునస్వామిని చూసి, పక్కనున్న కొండవైపు నడవండి. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, రోజూ కాస్త కాస్తగా పెంచుకుంటూ పోవాలి. టెక్కలి చుట్టూ నీలిరంగు గ్రానైటు తవ్విన కొండల జోలికి మాత్రం పోవద్దు. తవ్విన అంచు ఎప్పుడు విరుగుతుందో తెలియదు, వానాకాలంలో గోతులు నీళ్లతో నిండి లోతు కనపడదు.

శిఖరాన్ని మరిచిపోండి

బయలుదేరే ముందే వెనక్కి తిరిగే గంట నిర్ణయించుకోండి. చలికాలంలో ఒంటిగంట అనుకుందాం. ఒంటిగంటకు శిఖరం వంద మీటర్ల దూరంలో కనిపిస్తున్నా సరే, తిరిగిపోవాల్సిందే. అలసిన కాళ్లతో, చీకటి ముంచుకొస్తుంటే, దిగే దారిలోనే జారిపడతారు.

నెల్లూరు జిల్లాలో పుట్టి, మన పక్కనే విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కాడు. అంతటివాడు 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆయన ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. ఆదివారాలు ఎక్కే మనలాంటివాళ్లు మాత్రం ఒంటరిగా కొండమీదికి పోకూడదు. మహేంద్రగిరి మీద రాజేంద్ర చోళుడి విజయాన్ని చెప్పే శాసనం ఉంది. రాజులు గెలుపు చాటుకోవడానికి వచ్చారు. మనం ఎవరినీ గెలవక్కర్లేదు. సగం దారిలో బండ మీద కూర్చుని అంబలి తాగి దిగివచ్చినా అది పూర్తి ప్రయాణమే.

కొండ మడతల్లో ఫోన్ సిగ్నల్ అందదు. అందుకని ఎవరితో వెళ్తున్నారు, ఏ ఊరి మీదుగా ఎక్కుతున్నారు, ఎన్నింటికి దిగుతారు, అప్పటికి రాకపోతే ముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. కింద 108, 112 కూడా రాయండి. ఆ కాగితం ఇచ్చాకే గడప దాటండి.